వెనకాల నిలబడిన వారం

బుచ్చిరాములు సూరత్‌కు వచ్చిన మొదటి ఎనిమిది రోజులు సోమలింగం వీపు తప్ప ఏమీ చూడలేదు. అది చూడదగ్గ వీపేమీ కాదు. బనియనుకు రెండు చిల్లులు, కుడి భుజం కింద ఒక పుట్టుమచ్చ. అయినా పన్నెండు గంటల పాళీ మొత్తం దాని వెనకాలే నిలబడ్డాడు. లింబాయత్ కార్ఖానాల్లో పద్ధతి అది. ఊరి నుంచి కొత్తగా దిగిన మనిషి, సాంచా, అంటే మరమగ్గం, నడిపేవాడి వెనకాల కొన్ని రోజులు నిలబడాలి. దేన్నీ ముట్టకూడదు, ఏమీ అడగకూడదు. ఆ మోతలో అడిగినా ఎవరికీ వినబడదనుకోండి. కొందరు మూడో రోజే రైలెక్కి వెనక్కి పోతారు. వాళ్లనెవరూ తప్పు పట్టరు. తొమ్మిదో రోజు సోమలింగం తిరిగి చూడకుండానే తెగిన పోగు కొసను భుజం మీదుగా అందించాడు. బుచ్చిరాములు అందుకుని ముడివేశాడు. ఇరవై రెండేళ్లుగా ముడివేస్తూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజే ఎందుకిచ్చావని ఎవరో అడిగితే సోమలింగం చెప్పాడట: "ఎనిమిది దినాలు నా చేతులు చూసిండు. తొమ్మిదో దినం పోగు దిక్కు చూసిండు." వెనక్కి తిరగనివాడికి ఆ సంగతి ఎట్లా తెలిసిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ కథ అతని భార్య నర్సవ్వ పెళ్లయినప్పటి నుంచి వింటోంది. ప్రతిసారీ పుట్టుమచ్చతో సహా చెప్తాడు.

కాబట్టి కూతురు సంతోషి పన్నెండో తరగతి పాసై, ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. సీటు తెచ్చుకుని, ఏ సబ్జెక్టు మెయిన్‌గా తీసుకోవాలో తెలియడం లేదని చెప్పినప్పుడు బుచ్చిరాములుకు నిజంగానే అర్థం కాలేదు.

"తెల్వకపోతే ఎందుకు పోయినవు?"

"పోయినంక తెలుస్తదనుకున్న బాపూ."

"పోయినవు గద. తెలిసిందా?"

"ఇంక లేదు."

బుచ్చిరాములు కోపిష్టి కాదు. అన్నం కలుపుతూనే ఆలోచించాడు. "నేను సాంచాలు నడుపుత. ఎవలడిగినా ఒక్క మాటల చెప్త. నీ బిడ్డ ఏం చదువుతున్నదని రేపు మా కార్ఖానా మాస్టర్ అడుగుతడు. తెల్వదు అనే సబ్జెక్టు చదువుతున్నదని చెప్పాల్నా?"

సబ్జెక్టు రాసి కాలేజీలో ఫారం ఇవ్వడానికి శనివారం సాయంత్రం ఐదు గంటల దాకా గడువు. అదే గడువును బుచ్చిరాములు కూడా పెట్టాడు. శనివారం లోపల సబ్జెక్టు పేరు చెప్తే కాలేజీ. చెప్పకపోతే ఆ పై సోమవారం పొద్దున పక్కింటి చాందినితో పాటు వ్యాన్ ఎక్కి, ఊరి బయట కామ్‌రేజ్‌లో కొత్తగా పెట్టిన ఎంబ్రాయిడరీ కార్ఖానాకు. అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉందని చాందిని ముందే చెప్పింది.

"ఖిడికీ పక్కనే ఉన్నది సంతోషీ. గాలి మస్తు వస్తది," అంది చాందిని, సాయం చేస్తున్నాననే అనుకుంటూ.

నర్సవ్వ ఈ మాటల మధ్య చీర అంచుకు గమ్ముతో రాళ్లు అంటిస్తూ కూర్చుంది. మేస్త్రీ తెచ్చిపడేసిన చీరలకు మెరిసే రాళ్లు అంటించడం ఆమె పని. కాలేజీ మీద ఆమెకు ప్రత్యేకమైన మమకారమేమీ లేదు. కాలేజీ లోపలికి ఎన్నడూ పోలేదు. కాని పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు సంతోషి మార్కుల కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకోవడం చూసింది. ఆ దిండు మీద ఇద్దరు పడుకుంటారు. రెండో తల నర్సవ్వదే. కాగితం చప్పుడుకు రెండుసార్లు మెలకువ వచ్చింది.

ఆ వారం మొదట్లోనే, సోమవారం, కాలేజీలో కొత్త పిల్లలకు ఓరియంటేషన్ అని నోటీసు వచ్చింది. పోషకులు తప్పక రావాలని రాసి ఉందట. బుచ్చిరాములుది పగటి పాళీ. నర్సవ్వ పట్టుచీరలాంటి చీర కట్టుకుని, వేళ్లకు అంటిన గమ్మును కిరోసిన్‌తో తుడుచుకుని, షేర్ ఆటోలో కూతురి ఒళ్లో సగం కూర్చుని బయలుదేరింది.

ప్రిన్సిపాల్ నలభై నిమిషాలు మాట్లాడింది. మీ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉందని నాలుగుసార్లు చెప్పింది. నర్సవ్వ తన చేతులు చూసుకుంది. కిరోసిన్ వాసన ఇంకా పోలేదు. తర్వాత సబ్జెక్టు తేల్చుకున్న పిల్లలందరూ ఆయా బోర్డుల వెనక వరుసల్లో నిలబడ్డారు. తేల్చుకోనివాళ్లు కుడివైపు బెంచీల మీద కూర్చోవాలన్నారు. పోయినేడాది వరద నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఆ గోడ మీద గీత ఉంది. పదిహేడు మంది పిల్లలు గీత కింద కూర్చున్నారు. సంతోషి చివరన కూర్చుంది. ఆమె పక్కన నర్సవ్వ కూర్చుంది. తేల్చుకోనివాళ్లలో పోషకురాలు ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ల పోషకులు గుమ్మం దగ్గర నిలబడి, ఈ బెంచీకీ తమకూ సంబంధం లేనట్టు బయటికి చూస్తున్నారు.

బెంచీల ముందు ఒక బల్ల. బల్ల వెనక జరీవాలా మేడం. తేల్చుకోనివాళ్లకు దారి చూపడం ఆమె పని. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకుంది. ఆమె అందరికీ తలా ఒక ప్రశ్నల కాగితం పంచింది. ఇరవై ఎనిమిది ప్రశ్నలు. జవాబులు లెక్కగడితే ఎవరికి ఏ సబ్జెక్టు నప్పుతుందో తేలిపోతుందంది.

సంతోషి తల్లికి ప్రశ్నలు గుసగుసగా తెలుగులో చదివి చెప్పింది.

"ఒక్కదానివే ఉంటే మంచిగనిపిస్తదా, పదిమందిల ఉంటే మంచిగనిపిస్తదా అని అడిగిన్రు అవ్వా."

"ఒక్కదానివి ఎప్పుడున్నవు?"

"ఎప్పుడు లేను."

"మరి ఎట్ల తెలుస్తది? ఇడిసిపెట్టు."

"సెలవు దినం ఏం చేయబుద్ధి అయితదట."

"రాళ్లు అంటిస్తవు."

"చేస్తవా అని అడుగలేదవ్వా, బుద్ధి అయితదా అని."

నర్సవ్వ దాని గురించి ఆలోచించింది. "అది గూడ ఇడిసిపెట్టు."

మేడం కాగితాన్ని లెక్కగట్టింది. హిస్టరీ ఐదు, ఎకనామిక్స్ ఐదు, సోషియాలజీ ఐదు, సైకాలజీ ఐదు. మిగిలిన ఎనిమిది ఖాళీ. మేడం మళ్లీ లెక్కగట్టింది. కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"ఇలా ఎప్పుడూ రాలేదు," అంది హిందీలో.

నర్సవ్వకు హిందీ వచ్చు. పద్దెనిమిదేళ్లుగా సూరత్ బజార్లలో మాట్లాడుతోంది. అందులో సగం తెలుగని ఆమెకు తెలియదు, విన్నవాళ్లకు తెలుస్తుంది. ఆమె బల్ల దగ్గరికి పోయి అడిగింది. "మేడం, ఈ నాలుగు పనులు చేసేటోళ్లు ఏడున్నరు? నా బిడ్డ ఎవలెనకాల నిలబడాలె?"

"వెనకాల నిలబడడమంటే?"

నర్సవ్వ చెప్పింది. సోమలింగం, ఎనిమిది రోజులు, పోగు. పుట్టుమచ్చ వదిలేసింది.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అమ్మా, ముందు ఫారం నింపాలి. తర్వాతే క్లాసులు."

"చూడకముందే రాయాల్నా?"

"అవును."

"చూసినంక మార్చుకోవచ్చా?"

"సీటు ఉంటే పది రోజుల్లోపల."

"లేకుంటె మూడేండ్లు గదేనా?"

"మూడేళ్లు."

నర్సవ్వ తల ఊపింది. సాంచాకైతే ఇట్లా ఎవరినీ పెట్టరు అనుకుంది. ఆమె వెనకాల ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు. ఆ మాట అప్పటికి ముగించడానికి మేడం ప్రతి ఏడాదీ అందరికీ చెప్పే మాటే చెప్పింది. "ఈ సబ్జెక్టులు చదివినవాళ్లు మీకు తెలిసినవాళ్లు ఉంటే, వాళ్లను కలవండి. వాళ్ల పని చూడండి. శనివారం రండి."

పన్నెండేళ్లుగా మేడం ఆ మాట చెప్తోంది. ఒక్కరు కూడా పోయి చూసిరాలేదు. నర్సవ్వకు అది తెలియదు. నాలుగు సబ్జెక్టులు, మధ్యలో నాలుగు రోజులు. లెక్క సరిపోయింది.

మంగళవారం ఎకనామిక్స్. నర్సవ్వకు తెలిసిన ఎకనామిక్స్ సూర్యప్రకాశరావు. ఉధనా దగ్గర బ్యాంకులో ఆఫీసరు. ఆయన భార్య విశాలాక్షి జాకెట్లకు నర్సవ్వే రాళ్లు అంటిస్తుంది. పొద్దున ఎనిమిదింటికే వాళ్లింటి గుమ్మంలో నిలబడితే విశాలాక్షి ముందు జాకెట్టు అనుకుంది, తర్వాత విషయం విని భర్తను పిలిచింది.

"నా వెనకాల నుంచుంటుందా? ఎందుకూ?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"చూస్తదంట సార్. ముట్టదు, మాట్లాడదు."

"ముట్టకపోతే ఇబ్బందేం లేదు కానీ, మేనేజరు అడిగితే ఏం చెప్పనమ్మా?"

"ప్రాజెక్టని చెప్పండి. మా ఫణి కాలేజీలో ఉన్నన్నాళ్లూ అన్నిటికీ ప్రాజెక్టనే చెప్పేవాడు," అంది విశాలాక్షి.

నిజంగానే ప్రాజెక్టు అన్న తర్వాత మేనేజరు ఇంకేమీ అడగలేదు. సంతోషి పదిన్నర నుంచి రెండు దాకా సూర్యప్రకాశరావు కుర్చీ వెనక గోడకు ఆనుకోకుండా నిలబడింది. నర్సవ్వ ఖాతాదారుల బెంచీ మీద కూర్చుంది. ఇద్దరు మనుషులు ఆమెను వరుసలో చివరి మనిషి అనుకుని ఆమె తర్వాత కూర్చున్నారు.

సాయంత్రం బుచ్చిరాములు అడిగాడు. "ఏం జూసినవ్?"

"అంకుల్ సంతకాలు చూస్తడు బాపూ. చెక్కు మీద సంతకం, కార్డు మీద సంతకం, రెండు ఒక్క తీరుగ ఉన్నయా లేదా. ఒక ముసలాయన వచ్చిండు. మొన్నటిదాక వేలిముద్రేనంట. కష్టపడి సంతకం నేర్చుకున్నడు. కాని ఒక్కోపారి ఒక్కో తీరుగ వస్తది. అంకుల్ మూడుసార్లు వాపస్ పంపిండు. వేలిముద్రనే నయముండె అనుకుంట పోయిండు."

"ఆయన సంగతి గాదు. ఎకనామిక్స్ ఏడ వచ్చింది?"

సంతోషి ఆలోచించింది. "టిఫిన్ డబ్బా ఇప్పినప్పుడు ఉల్లిగడ్డ రేటు పిరమైందన్నడు. గంతే."

బుధవారం హిస్టరీ. విశాలాక్షి అక్క కొడుకు ఫణి హిస్టరీలో డిగ్రీ చేసి, రైల్వే పరీక్ష రాసి, సూరత్ స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్నాడు. ప్రాజెక్టంటే అతనే నవ్వాడు.

"హిస్టరీ ఏం పనికొస్తుందన్నా?" అని నిలబడకముందే అడిగేసింది సంతోషి. నర్సవ్వ మోచేత్తో పొడిచింది.

"ఎందుకు పనికి రాదమ్మా? పొద్దుట్నించీ పాత సంగతులే చెప్తున్నాను. రావలసిన బండి ఎప్పుడు రావలసిందో."

ఆ సాయంత్రం సంతోషి కిటికీ ముందు నిలబడ్డవాళ్ల గురించే చెప్పింది. ఒరిస్సా పోయే బండి టైము ఎదురుగా బోర్డు మీద రాసి ఉంది. బోర్డు చదవగలిగినవాళ్లు కూడా కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతారు. ఫణి బోర్డు మీద ఉన్నదే చెప్తాడు. అప్పుడు నమ్మి పోతారు. "బోర్డు రాసిందీ మనిషే గద బాపూ. అయినా దాన్ని నమ్మరు. నోటితోని చెప్తేనే నమ్ముతరు. ఎందుకట్ల?"

"ఫణి పని ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఫ్యానున్నది."

చాందిని వచ్చి, కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని, ఇవాళ దానికి కొత్త మెత్త కూడా వేశారని చెప్పి పోయింది.

గురువారం సోషియాలజీ. ఆ సబ్జెక్టు చదివినవాడు దూరం పోనవసరం లేకుండా వాళ్ల గల్లీలోనే ఉన్నాడు. పరుశురాం. ఆ గల్లీలో మొదటి బి.ఏ. ఫోటో ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నారు. ప్రస్తుతం మొబైల్ సిమ్ములు అమ్ముతున్నాడు.

"నర్సవ్వ చిన్నమ్మా, నా ఎనకాల ఏం నిలబడుతది? జాగనే లేదు," అన్నాడు. దుకాణం నాలుగడుగుల వెడల్పు. ఆఖరికి అతను స్టూలు ముందుకు జరుపుకుంటే, షట్టరుకూ స్టూలుకూ మధ్య సంతోషి పట్టింది. నర్సవ్వ రోడ్డు మీద నిలబడింది.

ఆ రోజు సిమ్ము కొంటే టోపీ ఉచితం. జనం బాగా వచ్చారు. సాయంత్రం సంతోషి అన్నం ముందు కూర్చుని తినడం మరచి చెప్పింది. "బాపూ, పదకొండు మంది వచ్చిన్రు. ఒకలెంబడి ఒకలు. అందరిది ఒక్కటే అడ్రస్. నవాగామ్‌ల ఒక్క రూము. ఒక్కటే కరెంటు బిల్లు జిరాక్సు. నలుగురు మనోళ్లు, నలుగురు యూపీ, ముగ్గురు ఒరిస్సా. ఆరుగురిది పగటి పాళీ, ఐదుగురిది రాత్రి పాళీ. పరుశురామన్న ఫారం మీద ఏం రాసిండో ఎరుకేనా? ఫ్యామిలీ అని రాసిండు. అందరికి ఒక్కటే ఫ్యామిలీ."

"మల్ల ఏం రాయాలె?" అన్నాడు బుచ్చిరాములు.

"గదే అడుగుదామనుకున్న. మాట్లాడొద్దంటిరి గద."

బుచ్చిరాములు అన్నం నమిలాడు. "సోషియాలజీ ఏడ వచ్చింది?"

"రాలేదు. టోపీలు అయిపోయినయి."

శుక్రవారం సైకాలజీ. అది చదివిన మనిషి దొరకలేదు. నర్సవ్వ లింబాయత్‌లో అడిగింది, నవాగామ్‌లో అడిగింది, విశాలాక్షిని అడిగింది. పరుశురాం తనకు తెలిసిన ఒకతను చదివాడని, కాని ఇప్పుడు ముంబైలో బేకరీ పెట్టాడని చెప్పాడు. సాయంత్రం ఏడింటి దాకా తిరిగి, చెప్పు తెగి, తల్లీకూతుళ్లు ఇంటికి వచ్చారు.

"ఎన్నయినయి?" అన్నాడు బుచ్చిరాములు.

"మూడు."

"ఏది ఖాయం?"

సంతోషి తెగిన చెప్పును గుమ్మం పక్కన పెట్టింది. చాందిని వచ్చి వ్యాన్ సోమవారం ఏడున్నరకు వస్తుందని చెప్పినప్పుడు, బుచ్చిరాములు టైము గుర్తుపెట్టుకోవడానికన్నట్టు ఏడున్నర అని మళ్లీ ఒకసారి అన్నాడు.

నర్సవ్వకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు. సూర్యప్రకాశరావు చదివిందొకటి, చేసేదొకటి. ఫణి అంతే. పరుశురాం అంతే. సాంచా మీద బట్ట కాకుండా ఇంకేదో వస్తున్నట్టుంది. సైకాలజీకైతే ఆ ఇంకేదో కూడా లేదు. మనిషే లేని పనిని ఫారం మీద ఎట్లా రాశారో మేడాన్ని అడగాలని నిశ్చయించుకుంది.

శనివారం పది గంటలకు కాలేజీలో అడిగింది కూడా.

"సైకాలజీ మేడం సెలవులో ఉంది," అంది జరీవాలా మేడం. తర్వాత, "మీరు నిజంగా పోయి చూసొచ్చారా?" అంది.

"చూడుమన్నరు గద."

"అన్నాను," అంది మేడం. చేతిలో పెన్ను కింద పెట్టింది. "అవును, అన్నాను."

"మరి మీరేం చదివిన్రు మేడం?"

"బోటనీ."

"అంటే?"

"చెట్లు."

నర్సవ్వ బల్లనూ, బెంచీలనూ, గోడ మీద గీతనూ చూసింది. ఎక్కడా చెట్టు లేదు. ఇక ఎవరి మీదా ఆశ పెట్టుకోకూడదని తెలిసింది. అయినా వచ్చిన దారిన పోవడం ఆమెకు చేతకాదు. నాలుగో రోజు నిలబడడం మిగిలే ఉంది.

"అయితే ఇవాళ మీ ఎనకాల నిలబడుతది," అంది.

ఆఖరి రోజు కావడంతో బెంచీలు నిండిపోయాయి. పదిహేడు మందీ వచ్చారు. మేడం ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి అడుగుతోంది, చెప్తోంది, కొట్టివేస్తోంది, రాస్తోంది. సంతోషి ఆమె కుర్చీ వెనక నిలబడింది. నర్సవ్వ ఈసారి కూడా బెంచీ మీదే కూర్చుంది. వారమంతా ఆమె ఇట్లాగే బెంచీల మీద, రోడ్ల మీద కూర్చునో నిలబడో కూతురు ముందున్న మనిషినే చూసింది. వాళ్ల చేతులు, వాళ్ల కాగితాలు. కూతుర్ని చూడాలన్న ఆలోచన రాలేదు. కూతురు ఎటూ పోయేది కాదు.

ఇప్పుడు చూసింది. ఎందుకంటే జరీవాలా మేడం చేతుల్లో చూడడానికేమీ లేదు.

సంతోషి మేడం చేతులు చూడడం లేదు. మేడం రాసే కాగితం చూడడం లేదు. ఆమె చూపు బల్ల దాటి బెంచీల మీదికి వస్తోంది. ఒక పిల్ల దగ్గర ఆగుతోంది. ఆ పిల్ల తండ్రి గుమ్మంలో ఉంటే గుమ్మం దాకా పోతోంది. మళ్లీ పిల్ల దగ్గరికి వస్తోంది. తర్వాత ఇంకో పిల్ల.

నర్సవ్వకు బ్యాంకులో ముసలాయన గుర్తొచ్చాడు. ఒరిస్సా బండి అడిగినవాళ్లు గుర్తొచ్చారు. పదకొండు టోపీలు గుర్తొచ్చాయి. వారం రోజులుగా ఏం చూశావే అంటే ఈ పిల్ల చెప్తూనే ఉంది. వాళ్లిద్దరే అది కాదు, అది కాదు అంటూ వచ్చారు.

రెండున్నరకు చివరి పిల్ల లేచిపోయింది. నర్సవ్వ బల్ల దగ్గరికి పోయింది.

"మేడం, మీరొక్క మాట అడుగుండ్రి. మీ పని గురించి వద్దు. గీ బెంచీల గురించి అడుగుండ్రి."

మేడానికి అర్థం కాలేదు. కాని ఆ పొద్దుటి నుంచి నర్సవ్వ మాట వినడం అలవాటైంది. వెనక్కి తిరిగి, "ఏం చూశావు?" అంది.

సంతోషి గుజరాతీలో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో హిందీలోకి దిగింది. "పదిహేడు మంది మేడం. తొమ్మిది మందికి ఏం చదవాలో తెలుసు. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియదు. మీరు అడిగినప్పుడు ముందు గుమ్మం వైపు చూసి, తర్వాత తెలియదంటున్నారు. ఐదుగురికి ఆ సబ్జెక్టు అంటే ఏంటో తెలియదు, అడగడానికి సిగ్గు. ఇద్దరు పక్కపిల్ల కోసం కూర్చున్నారు. పక్కపిల్ల ఏది రాస్తే అదే రాశారు."

"పదహారయ్యింది."

"పదిహేడోది నేను. మీరడిగితే చెప్పారు కదా, ఆ తొమ్మిది మంది నాన్నలూ కార్ఖానాల్లో పనిచేసేవాళ్లే. ఉద్యోగస్తుల పిల్లలు మేడం, సోమవారమే అవతల బోర్డుల దగ్గర నిలబడ్డారు. ఎందుకలా?"

జరీవాలా మేడం పన్నెండేళ్లుగా ఆ బల్ల వెనక కూర్చుంటోంది. ఆమె బెంచీల వైపు చూసింది. అప్పటికి అవి ఖాళీగా ఉన్నాయి.

"ఎందుకలా అన్నది కనుక్కునే చదువును," అంది చివరికి, "సోషియాలజీ అంటారు. నాకు తెలిసినంతవరకు. నాది బోటనీ."

సంతోషి ఫారం తీసుకుని, నిలబడే, గోడకు ఆనించి రాసింది. ఒక్క మాట. రాసిన తర్వాత అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. పోషకుడి సంతకం దగ్గర ఆగింది. అర్జీలో బుచ్చిరాములు పేరుంది. ఆయన సంతకమే కావాలి. ఐదింటికి గుమాస్తా కిటికీ మూసేస్తాడు.

నర్సవ్వ ఫారాన్ని కొంగులో పెట్టుకుంది. "నువ్వు ఈన్నే కూసో. కిటికీ ముందట కూసో. మూస్తనంటే చెయ్యి అడ్డం పెట్టు." ఆమె కార్ఖానా చేరేసరికి మూడున్నర దాటింది.

సాంచాలు నడిచేచోట మాటలు నడవవు. లోపల పనిచేసేవాళ్లందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్లకొకటి, కండెలకొకటి, మాస్టర్ వస్తున్నాడనడానికొకటి సైగలున్నాయి. పెళ్లయిన కొత్తలో బువ్వ డబ్బా తెచ్చినప్పుడల్లా నర్సవ్వ కూడా నేర్చుకుంది. సోషియాలజీకి సైగ లేదు.

బుచ్చిరాములు ఆమెను చూసి, తెగిన పోగు ముడివేసి, ఫారాన్ని చూశాడు. ఇంగ్లీషు. గడ్డం ఎగరేశాడు: ఏది?

నర్సవ్వ చెవిలో అరిచింది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అరిచింది. పక్క సాంచావాడు తిరిగి చూశాడు, బుచ్చిరాములుకు మాత్రం వినబడలేదు. అప్పుడతను తన కంటి మీద వేలు పెట్టి, ఆ వేలిని గాలిలోకి విసిరి, అరచెయ్యి తిప్పాడు. బిడ్డ కన్ను ఎటు పోయింది?

నర్సవ్వ పది వేళ్లు చూపింది. తర్వాత ఇంకొక వేలు. రెండు చేతులూ కలిపి ఇంటి కప్పు చేసింది. ఒక వేలు చూపింది. తర్వాత అరచెయ్యి తిప్పి, అట్లాగే ఉంచింది: ఎందుకు?

బుచ్చిరాములు కదలకుండా నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కింద అతను దిగిన రూములో తనతో కలిపి పన్నెండు మంది. పడుకున్న జాగా చల్లారకముందే ఇంకొకడు వచ్చి పడుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అతను కూడా అడగలేదు. అతనప్పుడు పుట్టుమచ్చ చూస్తున్నాడు.

నూనె చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఫారాన్ని సాంచా మూల మీద పెట్టి, తెలుగులో సంతకం చేశాడు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె వైపు చూడలేదు. భుజం మీదుగా వెనక్కి అందించాడు. అప్పటికి ఇంకో పోగు తెగింది.

నర్సవ్వ నాలుగు యాభైకి కిటికీ దగ్గరికి చేరింది. సంతోషి చెయ్యి నిజంగానే అడ్డం పెట్టి ఉంది. గుమాస్తా ఫారం చూసి, నూనె మరక చూసి, "ఇదేం గీతలు?" అన్నాడు.

"సంతకం. తెలుగు," అంది సంతోషి.

"అర్జీ మీద ఉన్నది వేరేలా ఉంది."

సంతోషి అర్జీ తీయించింది. రెండూ పక్కపక్కన పెట్టింది. మంగళవారం మూడున్నర గంటలు ఆమె ఈ పని చూసింది. బు దగ్గర కొమ్ము ఎటు వంగిందో, లు దగ్గర చెయ్యి ఎక్కడ ఎత్తాడో వేలితో చూపించింది. గుమాస్తాకు తెలుగు రాదు కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. ముద్ర వేశాడు.

సోమవారం ఏడున్నరకు వ్యాన్ వచ్చింది. చాందిని ఎక్కింది. కిటికీ పక్క కుర్చీ తానే తీసుకున్నానని సాయంత్రం చెప్పింది. గాలి బాగానే వస్తోందట, కాని రాళ్ల పొడి కూడా దాంతోనే వస్తోందట.

బుచ్చిరాములు ఆదివారమంతా సోషియాలజీ అన్న మాటను నోట్లో తిప్పుకున్నాడు. సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు మాస్టర్ అడగనే అడిగాడు. అప్పుడేం జరిగిందో రాత్రి అన్నం ముందు నర్సవ్వకు చెప్పాడు.

"బిడ్డ ఏం చదువుతున్నదన్నడు. సోషియాలజీ అన్న. ఒక్క మాటల చెప్పిన."

"మంచిది."

"గదేందన్నడు. పదకొండు మంది ఒక్క రూముల ఎందుకుంటరో చదువుడు అన్న."

"సరిగనే చెప్పినవు."

"కిరాయి తక్కువైతదని ఉంటరు, దానికి మూడేండ్లెందుకు అన్నడు."

నర్సవ్వ రాయి అంటించడం ఆపింది. సంతోషి కూడా పుస్తకంలోంచి తలెత్తింది. "నువ్వేమన్నవు బాపూ?"

బుచ్చిరాములు నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"కరెంటొచ్చింది," అన్నాడు.